ఎండని ఏరు, పొమ్మనని ఊరు

బడిలో సుమతీ శతకం వల్లె వేసినవాళ్లకు ఊరిని ఎంచుకునే సూత్రం ఒకటి చిన్నప్పుడే నోటికొచ్చి ఉంటుంది. అవసరానికి డబ్బు సర్దే మనిషి, రోగానికి మందిచ్చే మనిషి, ఏడాది పొడుగునా నీళ్లుండే వాగు, చదువుకున్న బ్రాహ్మడు. ఈ నాలుగూ ఉంటేనే కాపురం పెట్టు, లేకపోతే ఆ ఊరి పొలిమేర తొక్కకు అని ఆ పద్యం సారాంశం. శతకం రాసింది బద్దెన అనీ, ఆయన 13వ శతాబ్దంలో కాకతీయులకు సామంతుడనీ చెబుతారు.

ఆ కాకతీయుల ఇంటి మనిషే ఒకడు తర్వాత కొత్త చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమయ్యాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి అడవిలోకి వెళ్లి రాజ్యం నిలబెట్టాడని బస్తర్ రాజవంశం చెప్పుకునే చరిత్ర. ఒకప్పుడు కేరళ కంటే పెద్ద జిల్లా అయిన ఆ బస్తర్ ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ఏడు జిల్లాలు. దక్షిణపు అంచున కోంటా, భోపాల్‌పట్నం వైపు తెలుగు వినబడుతూనే ఉంటుంది. కిరందుల్, బచేలి గనుల్లో, జగదల్‌పూర్ బజారులో, కొత్తగా నగర్నార్ ఉక్కు కర్మాగారంలో మనవాళ్లు ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకుంటున్నారు. అటునుంచి ఇటు వచ్చినవాళ్లూ వేలల్లో ఉన్నారు. వాళ్ల సంగతి చివర్లో చెబుతాను.

బద్దెన చెప్పిన నాలుగింటినీ బస్తర్ నేల మీద పెట్టి చూద్దాం. అక్కడ మంచి చెడ్డలు రెండూ దాపరికం లేకుండా కనిపిస్తాయి కాబట్టి, మీరు వెళ్లబోయేది హైదరాబాద్ శివారుకైనా సరే ఏం అడగాలో తెలుస్తుంది. నాలుగూ అడగవలసినవే. అయితే వాటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది: ఆ ఊళ్లో మనల్ని ఉండనిస్తారా?

నీళ్లను మే నెలలో చూడాలి

ఊళ్లో నీళ్లున్నాయా అని అడిగితే లేవని చెప్పే ఇంటి యజమాని ఉండడు. బస్తర్ వెళ్లే యాత్రికులు చిత్రకోట్ జలపాతాన్ని వానాకాలంలోనో, దసరా రోజుల్లోనో చూస్తారు. ఎర్రటి ఇంద్రావతి గట్టు నిండా పరుచుకుని దూకుతుంటే ఈ దేశంలో నీళ్లకు కరువేమిటి అనుకుంటారు. 2019 వేసవిలో అదే జలపాతం దాదాపు ఎండిపోయింది. ఎగువన ఒడిశా సరిహద్దులో జోరా నాలా అనే చోట ఇంద్రావతి నీళ్లు పక్కకు మళ్లి శబరి వైపు పోతున్నాయి. ఆ పైన ఆనకట్టలూ ఉన్నాయి. రెండు రాష్ట్రాల మధ్య ఆ తగువు ఏళ్లుగా నలుగుతోంది. మీరు చూసొచ్చిన ఊరి నీళ్ల భవిష్యత్తు ఇలా మీరు చూడని చోట ఎక్కడో తేలుతూ ఉండవచ్చు.

అందుకని ఇల్లు చూడటానికి వీలైతే మే నెలలో వెళ్లండి. అప్పుడు కుదరకపోతే, మే నెలలో నీళ్లు ఎవరు మోస్తారో, ఎంత దూరం నుంచి మోస్తారో కనుక్కోండి. ఈ ప్రశ్న ఆడవాళ్లనే అడగాలి. మగవాళ్లు బోరు లోతు చెబుతారు, ఆడవాళ్లు బిందెల లెక్క చెబుతారు.

బస్తర్ లోపలి పల్లెల్లో వేసవి వస్తే వాగు ఇసుకలో చెలమ తవ్వుతారు. మోకాటి లోతు గుంట తీసి, మొదట ఊరిన బురద నీటిని దొప్పతో తోడి పారబోస్తారు. రెండోసారీ తోడేస్తారు. మూడోసారి అడుగున ఇసుక రేణువులు కదులుతూ కనిపించేటంత తేటగా నీళ్లు ఊరతాయి. వాటిని ఎండిన సొరకాయ బుర్రలో నింపుకుంటారు. ఆ బుర్రలోనే రాగి అంబలి పోసుకుని పొలానికి తీసుకెళ్తారు. నీళ్లు దగ్గర్లో ఉన్నాయనడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు. కానీ ఒక బుర్ర నింపడానికి ఒక మనిషికి ఎంతసేపు పడుతుందో చూస్తే, ఆ ఇంట్లో ఆడపిల్ల బడికి ఎందుకు ఆలస్యంగా వెళ్తుందో కూడా అర్థమవుతుంది.

నీళ్లుంటే సరిపోదు, ఏ నీళ్లో తెలియాలి. దంతేవాడలో దంతేశ్వరి గుడి శంఖిని, డంకిని నదులు కలిసేచోట ఉంది. బైలాడీలా కొండల్లో 1968 నుంచి ఇనుప ఖనిజం తవ్వుతున్నారు. ఆ ధూళి కలిసి శంఖిని నీళ్లు ఏళ్ల తరబడి ఎర్రబారి పారాయి. ఒడ్డున ఊళ్లున్నాయి, పక్కనే నది ఉంది, తాగడానికి మాత్రం ఆ నది పనికిరాలేదు. ఇనుము ఎక్కువైన నీళ్లను ఇంట్లోనే కొంతవరకు పట్టుకోవచ్చు: తెల్లటి గిన్నెలో రాత్రంతా ఉంచితే అడుగున తుప్పు రంగు మడ్డి చేరుతుంది, ఆ నీళ్లతో కాచిన టీ నల్లబడుతుంది. ఫ్లోరైడ్‌కు రంగూ రుచీ ఉండవు. ఈ మాట నల్లగొండ వాళ్లకు చెప్పనక్కర్లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు, పరీక్ష చేయిస్తే తప్ప ఆ సంగతి తెలియదు. ప్రభుత్వ నీటి పరీక్ష కేంద్రానికి ఒక సీసా నీళ్లు పంపడం ఇంటి అడ్వాన్సు ఇచ్చే ముందు చేయాల్సిన పని.

నది దొరకనిచోట, దొరికినా నమ్మకం లేనిచోట, చెరువు తవ్వారు మన పెద్దలు. ఇంద్రావతి దగ్గరి బార్సూరులో 11వ శతాబ్దపు తెలుగు శాసనం ఒకటి దొరికింది. నాగవంశపు రాజు కింద సామంతుడైన చంద్రాదిత్యుడు అక్కడ గుడి కట్టించి చెరువు తవ్వించిన సంగతి అందులో ఉంది. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు ఎరిగిన మనకు ఇది కొత్త కాదు. దళపతిదేవుడు 18వ శతాబ్దంలో రాజధానిని జగదల్‌పూర్‌కు మార్చినప్పటి చెరువు దళపతి సాగర్ అని ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. గుర్రపుడెక్క అల్లుకుపోయి నీళ్లు కనబడని దశకు అది చేరినప్పుడు పట్నం జనం దిగి శుభ్రం చేసే పనిలో చేయి కలిపారు. ఒక ఊరి మనుషులు ఎలాంటివాళ్లో తెలుసుకోవడానికి నేను మొదట చూసేది ఆ ఊరి చెరువునే. చెరువు గట్టు మీద చెత్త పోసే ఊళ్లో మనిషి కష్టానికి పలికేవాళ్లు తక్కువ.

నీళ్లు తక్కువైతే ఒక బాధ, ఎక్కువైతే ఇంకో బాధ. కోంటా శబరి ఒడ్డున ఉంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్లకు పోయే దారి ఉండదు, వెనక్కి తన్నుతాయి. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది, ఆ ఏడు కోంటా మునిగింది. ఇలాంటి చోట అద్దెకు దిగేవాళ్లు ముసలివాళ్ల దగ్గరికి వెళ్లి, "తాతా, 86లో నీళ్లు ఎందాకా వచ్చినయి?" అని అడగాలి. ఆయన గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. ఆ చేతికి పైన పడుకునే గది ఉన్న ఇల్లు తీసుకోండి, లేదా మెరక మీదికి పోండి. పోలవరం పూర్తిగా నిండితే ఆ వెనకనీళ్లు ఎక్కడిదాకా వస్తాయన్నది కోంటా వైపు దోర్లా ఆదివాసీల పల్లెలను చాలా ఏళ్లుగా పీడిస్తున్న ప్రశ్న. అక్కడ స్థలం కొనాలనుకునేవాడు ఆ ప్రశ్నను తనదిగా చేసుకోవాలి.

మందిచ్చే మనిషి సంతలో దొరికితే

రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ ఒక పాత పద్ధతి రాశాడు. పట్నం కట్టబోయే చోట మేసిన పశువులను కోసి కాలేయం చూసేవారట. అది ఆరోగ్యంగా ఉంటేనే ఆ నేలా నీళ్లూ మనుషులకు మంచివని అనుకునేవారు. మనకు అంత పని అక్కర్లేదు, ఆ పల్లె మితానిన్‌తో పావుగంట మాట్లాడితే చాలు. ఊరి ఆడవాళ్లలోనే ఒకరికి ఆరోగ్యం పనిలో శిక్షణ ఇచ్చే ఈ పద్ధతిని ఛత్తీస్‌గఢ్ 2002లోనే మొదలుపెట్టింది, దేశమంతా ఆశా కార్యకర్తలు వచ్చింది ఆ తర్వాతే. పోయిన వానాకాలంలో ఎన్ని ఇళ్లలో జ్వరాలొచ్చాయి, ఎవరిని ఆసుపత్రికి మోసుకెళ్లారు, ఏ కాన్పు కష్టమైంది అన్నది ఆమెకు తెలిసినట్టు జిల్లా కార్యాలయానికి కూడా తెలియదు. మన వైపు ఊరికి వెళ్తే ఆశా కార్యకర్తను అడగండి.

బస్తర్ జ్వరమంటే మలేరియా. కొండ కింద మెల్లగా పారే తేట నీటి వాగులు దాన్ని మోసే దోమలకు అనువైన చోట్లు. వాగు ఒడ్డు ఇల్లు కంటికి ఎంత బాగున్నా ఈ లెక్క వేసుకోక తప్పదు. 2020 జనవరిలో అక్కడ ఇంటింటికీ వెళ్లి రక్తం పరీక్షించే పని మొదలుపెట్టారు. మలేరియా బయటపడినవాళ్లలో సగానికి పైగా మందికి జ్వరమే లేదు. పక్కింటాయన చలాకీగా తిరుగుతున్నాడు కదా అని ఊరు ఆరోగ్యంగా ఉందనుకోవడానికి లేదు. మందు పూసిన దోమతెర కట్టుకోండి, జ్వరం వచ్చిన రోజే వేలు గుచ్చి పరీక్ష చేయించుకోండి. పావుగంటలో తేలిపోతుంది.

దూరపు పల్లెలకు డాక్టర్ వెళ్లలేకపోతే జనం ఎక్కడికి వస్తారో అక్కడే డాక్టర్ని కూర్చోబెట్టాలన్న ఆలోచన కూడా ఆ రాష్ట్రమే ఆచరణలో పెట్టింది. 2019 అక్టోబర్ 2న వారపు సంతల్లో వైద్యశాలలు మొదలయ్యాయి. ఎందుకు పనికొచ్చిందో తెలియాలంటే సంత చూడాలి. చింతచెట్ల కింద వరుసగా ఆడవాళ్లు కూర్చుంటారు. ఒకామె ముందు ఎండిన ఇప్పపూలు, ఇంకొకామె ముందు చింతపండు, మూడో ఆమె ముందు దొప్పల్లో పాకుతున్న ఎర్రచీమలు. వాటిని పచ్చిమిర్చి, ఉప్పుతో నూరి పచ్చడి చేస్తారు. గింజలను పైలీ అనే కొలపాత్రతో కొలుస్తారు. ఎదురుగా ఉప్పు, సబ్బు, ఎండుచేప, గాజులు. ఒక మూల కోడిపందెం, ఇంకో మూల జీలుగు కల్లు. వియ్యంకుల మాటలూ, చావు కబుర్లూ అక్కడే. అడవి దారిలో నడిచి వచ్చిన మనిషి చింతపండు అమ్ముకుని, ఉప్పు కొనుక్కుని, బీపీ చూపించుకుని, మలేరియా పరీక్ష చేయించుకుని వెళ్తాడు.

కొత్త చోటికి వెళ్తే రెండు వారాలు సంతలో కూర్చోమని నా గట్టి సలహా. ఎవరు ఎవరికి అమ్ముతున్నారు, తూకం దగ్గర గొడవలు ఎవరికి వస్తున్నాయి, ఆడవాళ్లు ఒంటరిగా వస్తున్నారా, గుంపుగానేనా చూడండి. సంత ఎన్నింటికి ఎత్తేస్తారో కూడా గమనించండి. దారి దూరమైతే ముందే సర్దుకుంటారు. దారి దగ్గరై ఉండి కూడా పొద్దు వాలకముందే హడావుడిగా వెళ్లిపోతుంటే ఆ దారిలో ఏదో భయం ఉందని అర్థం.

పెద్ద జబ్బుకు మాత్రం సంత చాలదు. జగదల్‌పూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2006లో వచ్చింది. అక్కడ దొరకని చికిత్స కావాలంటే రాయపూరైనా విశాఖపట్నమైనా దాదాపు 300 కిలోమీటర్లు. మీ ఇంట్లో గుండె జబ్బు మనిషో, నెలలు నిండిన కోడలో ఉంటే, రాత్రి రెండు గంటలకు బండి ఎవరు తీస్తారు, ఎన్ని గంటలు పడుతుంది అన్నది కాగితం మీద రాసుకున్నాకే ఇంటికి అడ్వాన్సు ఇవ్వండి.

అప్పూ, కాగితం చదివే మనిషీ

అప్పు పుట్టని ఊళ్లో ఉండొద్దన్నాడు బద్దెన. నిజమే, కానీ అప్పు ఏ షరతు మీద పుడుతుందో చూడాలి. సారపప్పు ఇచ్చి ఉప్పు తీసుకునే మారకం బస్తర్ సంతల్లో తరాల పాటు సాగింది. తూకానికి తూకం ఇచ్చినా అది దోపిడీయే. వానాకాలంలో చేబదులిచ్చి, వేసవిలో ఇప్పపూలు తక్కువ ధరకు ఎత్తుకుపోయే కొచియా అనే దళారి కూడా అప్పిచ్చేవాడే. అలాంటివాడు ఒక్కడే ఉన్న ఊరి కంటే, అటకమీద రెండు బస్తాల ఇప్పపూలు ఎండబెట్టి దాచుకున్న ఇల్లు నయం. అవసరమైన వారం కొంచెం సంతకు తీసుకెళ్తే డబ్బు వస్తుంది, వడ్డీ లేదు. ఇప్పుడు అక్కడ మహిళా సంఘాలు పొదుపు చేస్తున్నాయి, మనకు డ్వాక్రా ఉంది. ఒక్క రోజులో పదివేలు కావాల్సి వస్తే గౌరవం పోకుండా ఎవరి దగ్గర దొరుకుతాయో మీకు తెలిసి ఉండాలి.

చదువుకున్నవాడి సంగతికి వస్తే, నా దృష్టిలో ఈ కాలానికి కావలసింది సర్కారు కాగితం చదివి భయపడకుండా నిజం చెప్పే మనిషి. మాస్టారు కావచ్చు, సర్పంచి కూతురు కావచ్చు. ఇంట్లో గోండీయో హల్బీయో మాట్లాడి, బడిలో హిందీ వినే పిల్లల ఊళ్లో ఆ మనిషి విలువ ఇంకా ఎక్కువ. అక్కడికి ఉద్యోగానికి వెళ్లే తెలుగువాళ్లు హల్బీ ఒక యాభై మాటలైనా మొదటి నెలలోనే నేర్చుకోవాలి. ధర, దారి, జ్వరం, నీళ్లు, దండం వీటితో మొదలుపెట్టండి.

ఉండనిచ్చే ఊరు

2005లో మావోయిస్టులను ఎదిరించే పేరుతో సల్వాజుడుం అనే దళాలు మొదలయ్యాక దంతేవాడ, బీజాపూర్ వైపు 600కు పైగా పల్లెలు ఖాళీ అయ్యాయి. ఏరు అక్కడే ఉంది, ఇప్పచెట్లు అక్కడే ఉన్నాయి, పెరడు కంచె కట్టి ఉంది. ఒకవైపు జుడుం, పోలీసులు, ఇంకోవైపు మావోయిస్టులు. వీళ్ల మధ్య ఆ పల్లెల్లో రాత్రి పడుకోవడం కుదరలేదు. కొందరిని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. వేలమంది అడవి దారుల్లో ఖమ్మం, గోదావరి జిల్లాలకు వచ్చారు. ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసులుగా నిలబెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు చెప్పింది. ఖాళీ అయిన పల్లెలు ఆ తీర్పుతో నిండలేదు.

బద్దెన పద్యంలో మనిషే ఊరిని ఎంచుకుంటాడు. నచ్చకపోతే వెళ్లడు. ఊరే మనిషిని వెళ్లగొట్టే రోజు ఆ లెక్కలో లేదు. అందుకే ఉండే హక్కు ఎంత గట్టిదన్నది నేను అన్నింటికంటే ముందు పెడతాను.

బస్తర్‌లోనే లోహండిగూడ రైతులను చూడండి. ఉక్కు కర్మాగారం కోసం 2008 ప్రాంతంలో పది ఊళ్లలో 1,707 మంది రైతుల భూమి సేకరించారు. కర్మాగారం రాలేదు. 2019లో ఆ భూమిని ప్రభుత్వం తిరిగి ఇచ్చింది. పదేళ్లకు పైగా ఆ కుటుంబాలు తమ పొలం పక్కనే ఉండి, దాన్ని తమది కాని పొలంలా చూస్తూ బతికాయి. తిరిగి రావడం మంచిదే, మన దేశంలో అరుదు కూడా. ఆ పదేళ్లలో పెళ్లీడుకొచ్చిన ఆడపిల్లకు, బావి తవ్వుదామనుకున్న తండ్రికి ఆ కాలం తిరిగి రాదు.

కాబట్టి బస్తర్‌లో స్థలం కొనాలనుకునే ఉద్యోగికి ఒక మాట. ఆదివాసీ భూమిని ఆదివాసీ కానివాళ్లు కొనకుండా అక్కడి భూ రెవెన్యూ చట్టం 165వ సెక్షన్ అడ్డుకుంటుంది. మన ఏజెన్సీలో 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం ఎలాగో అలాగే. ఎవరో ఆదివాసీ పేరు మీద రాయించి ఇస్తామని చెప్పేవాళ్లు జగదల్‌పూర్‌లోనూ దొరుకుతారు, భద్రాచలంలోనూ దొరుకుతారు. ఆ పని చేయకండి. అది ఇంకొకరి కాళ్ల కింది నేల లాగేయడం. అలా కట్టిన ఇంట్లో మీ పిల్లలకూ హక్కు నిలవదు. అద్దెకు ఉండండి, సర్వీసు అయ్యాక మీ ఊళ్లో కట్టుకోండి.

ఎక్కడ ఇల్లు తీసుకున్నా, ఇంతకు ముందు ఇక్కడ ఎవరుండేవారు, ఎందుకు వెళ్లిపోయారు అని అడగండి. యజమాని చెప్పేది విని, వీధి చివర దుకాణంలోనూ అదే అడగండి. పాతవాళ్లు నీళ్ల కోసం వెళ్లారా, కులం పేరు అడిగి పంపేశారా, రాత్రి గొడవలకు భయపడి వెళ్లారా అన్నది అక్కడ తెలుస్తుంది.

ఇక అటునుంచి ఇటు వచ్చినవాళ్లు. భద్రాచలం, చర్ల, ములుగు అడవుల్లో మనం గొత్తికోయలు అంటున్నవాళ్లలో చాలామంది బస్తర్ పల్లెలు వదిలి వచ్చినవాళ్లే. కొత్త చోట గుడిసె వేసేటప్పుడు వాళ్లు వాగు చూశారు, ఇప్పచెట్లు చూశారు, కూలి దొరికే మిరప తోటలు ఎంత దూరమో చూశారు. ఆ ఎంపికలో తప్పు పట్టడానికి లేదు. కానీ అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికే పట్టా. సల్వాజుడుం మొదలైంది అదే ఏడాది జూన్‌లో. పారిపోయి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆ తేదీ తర్వాతే వచ్చారు. సొంత రాష్ట్రంలో షెడ్యూల్డ్ తెగ అయినవాళ్లకు ఇక్కడ ఆ కుల ధ్రువపత్రం దొరకడం లేదు. అడవిలో వేసిన గుడిసెలను అటవీ సిబ్బంది పీకేసిన సందర్భాలు చాలా ఉన్నాయి.

వాళ్లకు సంబంధించినంతవరకు ఉండనిచ్చే ఊరు మనదే కావాలి. ఆ జిల్లాల్లో ఉన్న పాఠకులు కొన్ని పనులు ఇప్పుడే చేయగలరు. మిరప కోతకు పిలిచే రైతు కూలి డబ్బు ఆ వారమే, ఆడవాళ్ల చేతికే ఇవ్వాలి. వాళ్లు గుడిసెలు వేసుకున్న గుంపులో జ్వరాలుంటే ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని వెళ్లి పరీక్షలు చేయించాలి, దోమతెరలు అడిగి తేవాలి. తాగే నీళ్లకు వాగు తప్ప దిక్కులేని గుంపు ఉంటే గ్రామసభలో బోరు అర్జీ మీరే పెట్టాలి. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ఏ పిల్లకూ బడిలో సీటు నిరాకరించకూడదని 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్‌లో ఉంది. జూన్‌లో బడులు తెరిచినప్పుడు ఆ సెక్షన్ రాసుకున్న కాగితం జేబులో పెట్టుకుని, గుంపులో పిల్లల తల్లిదండ్రులను వెంటబెట్టుకుని హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లండి.